ప్రజాసేవకుడు రావి నారాయణరెడ్డి

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గమున, సుమారు 50 కిలోమీటర్ల దూరమున చౌటుప్పల్ అను పట్టణము కలదు. దానికి ఉత్తరమున చేనేతకు పేరొందిన పోచంపల్లియు, ఇంకను ఉత్తరమున ఏకశిలపై నిర్మింపబడిన కోటతో భువనగిరియు ఉన్నవి. ఏటేట సెప్టెంబరు 17వ తేదీన ఈ ప్రాంతమున మువ్వన్నెల జెండా ఎగురును. భారతదేశమునకంతటికి ఆగస్టు 15 పర్వదినము కాగా, పూర్వపు హైదరాబాదు సంస్థాన ప్రజలకు సెప్టెంబరు 17 రెండవ పర్వదినము. 1947లో దేశమంతయు స్వాతంత్ర్యోత్సవములు జరుపుకొనుచుండగా ఈ ప్రజలకు ఆ భాగ్యము దక్కలేదు. వారు మరియొక సంవత్సరమునకు పైగా పోరాడి, 1948 సెప్టెంబరు 17న నిజాము పాలన నుండి విముక్తులైరి. ఆ పోరాటమునకు ప్రజలను సిద్ధము చేసిన నాయకులలో అగ్రగణ్యుడు ఈ ప్రాంతపు బిడ్డయే. ఆయన పేరు రావి నారాయణరెడ్డి.

నారాయణరెడ్డి 1908వ సంవత్సరము జూను మాసమున నల్లగొండ జిల్లా భువనగిరి తాలూకాలోని బొల్లేపల్లి గ్రామమున జన్మించెను. ఆయనది సంపన్నమగు భూస్వాముల కుటుంబము. వందల ఎకరముల పొలములును, పశుసంపదయు, పనివాండ్రును గల ఇంట పెరిగిన ఆ బాలునకు తిండికి గాని బట్టకు గాని కొదువ యనునది తెలియదు. పెద్ద చదువులకై హైదరాబాదు నగరమునకు పోయెను. ఆయన తలచుకొనిన యెడల ఊరిలో దొరగా సుఖజీవనము గడపుటకు గాని, నగరమున గొప్ప ఉద్యోగము సంపాదించుటకు గాని అడ్డేమియు లేకుండెను. కాని ఆయన కన్నులు తన ఇంటి గడప దాటి ఊరిని చూచినవి. ఆ చూపే ఆయన జీవితమును మార్చివైచెను.

నాటి హైదరాబాదు సంస్థానము 82 వేల చదరపు మైళ్ల వైశాల్యము గలది. అందు తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు మాటలాడు జనులు కోటీ అరువది లక్షలకు పైగా నివసించుచుండిరి. భూమిలో సుమారు నూటికి 60 వంతులు సర్కారు క్రిందను, 30 వంతులు జాగీరుదారుల క్రిందను, 10 వంతులు నిజాము సొంత ఖర్చులకై కేటాయింపబడిన సర్ఫేఖాస్ క్రిందను ఉండెను. సర్కారు భూములలో సైతము దేశ్‌ముఖులును, పటేలు పట్వారీలును చెప్పినదే చట్టము. తరతరములుగా దున్నుకొనుచున్న రైతు పేరు కాగితములపై లేకుండెను.

అన్నిటికంటె ఘోరమైనది వెట్టి. దొర గడీలో కూలి లేక చాకిరి చేయుటకే వెట్టి యని పేరు. చాకలి బట్టలుదికి గిన్నెలు తోమవలెను, కుమ్మరి కుండలియ్యవలెను, గొల్లవాడు పండుగకు గొఱ్ఱెను సమర్పించుకొనవలెను, హరిజనుడు మూటలు మోయవలెను, కబురు మోసికొని ఊరూర పరుగెత్తవలెను. అధికారి బండి ఎక్కి వచ్చిన యెడల, ఆ బండికి ముందు వెట్టివాడు వగర్చుచు పరుగెత్తవలసినదే. తండ్రి చేసిన కొద్దిపాటి అప్పునకు కుమారుడు, కుమారుని తరువాత మనుమడు భగేలాలుగా జీతము లేక దొరల పొలములలో ఊడిగము చేయుచుండిరి. దీనిని గూర్చి సభ జరిపి మాటలాడుటకును వీలులేదు. సభకు ముందుగా అనుమతి పొందవలెనని గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు శాసించుచుండెను. తెలుగు బిడ్డలకు తెలుగులో ఉన్నతవిద్య లేకుండెను. తెలుగువాని భాషకు నగరమున గౌరవము కూడ కఱవయ్యెను. 1921లో హైదరాబాదున జరిగిన ఒక సభలో తెలుగున ఉపన్యసింప బూనిన వక్తను కొందరు గేలిచేసిరి. ఆ అవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావు మున్నగు పెద్దలు దానిని పెంచి పోషించిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగెను.

ఆ 1930వ సంవత్సరముననే గాంధీమహాత్ముడు ఉప్పు సత్యాగ్రహమును ప్రారంభించెను. సంస్థానమున అట్టి ఉద్యమమునకు తావులేదు. అప్పటికి ఇరువదిరెండేండ్ల యువకుడగు నారాయణరెడ్డి సరిహద్దు దాటి కాకినాడకు పోయి ఆ సత్యాగ్రహమున పాల్గొనెను. తిరిగివచ్చిన పిదప ఆయన హరిజన సేవాసంఘము పనికి పూనుకొనెను. అంటరానితనము ధర్మమని పెద్దలు నమ్ముచుండిన ఆ దినములలో, భూస్వామి బిడ్డ హరిజనవాడకు పోవుట సామాన్య విషయము కాదు. ఆయన వారి పిల్లల చదువుకై పాఠశాలలును వసతిగృహములును నెలకొల్పుటకు పాటుపడెను. బంధువుల మందలింపులు ఆయనను ఆపజాలలేదు. చదువు నేర్పుటకు పోయిన ఆయనకు అచ్చట ఒక పాఠము లభించెను. పగలంతయు తల్లిదండ్రులతో పాటు దొర పొలములో వెట్టిచేయు బాలుడు బడికి రాజాలడు. వచ్చినను ఆకలితో అక్షరము తలకెక్కదు. కావున దయతో పెట్టిన బడి ఒక్కటే చాలదనియు, వెట్టిని కూకటివ్రేళ్లతో పెకలింపవలెననియు, దున్నువానికి భూమి దక్కవలెననియు ఆయన గ్రహించెను.

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు అవతరింపబోవుచుండగనే నిజాము ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ నిషేధమును ధిక్కరించి అక్టోబరు 24న మొదటి జట్టు సత్యాగ్రహము చేసెను. అందు గోవిందరావు నానల్, రామకిషన్ ధూత్ మున్నగువారితో కలిసి నారాయణరెడ్డి కూడ నిలిచి, బందీయై చెఱసాలకేగెను. సంస్థానమందలి మూడు భాషల ప్రజలును ఒక్కటై నిలిచిన ఆ సత్యాగ్రహము ముందు కాలమునకు మంచి బాట వేసెను. చెఱ నుండి విడుదలైన పిమ్మట 1939లో ఆయన కమ్యూనిస్టు పార్టీలో చేరెను.

1941లో నల్లగొండ జిల్లా చిలుకూరులో ఎనిమిదవ ఆంధ్రమహాసభ జరిగెను. దానికి అధ్యక్షుడు నారాయణరెడ్డి. అంతకు పూర్వము మహాసభ చదువుకొన్న పట్టణవాసులకును, ఊళ్లలోని పెద్దలకును కూడలిగా ఉండెను. గ్రంథాలయములు, పాఠశాలలు, వినతిపత్రములు దాని సాధనములు. అవి ఎంతో మేలు చేసినను, పొలములో నాగలి పట్టిన రైతు దాని చెంతకు రాలేదు. చిలుకూరు సభతో ఆ తీరు మారదొడగెను. వెట్టి, కౌలు, భూమి, లెవీ ధాన్యము మున్నగు రైతు సమస్యలు సభాస్థలికి వచ్చెను. 1944లో భువనగిరిలో జరిగిన పదునొకండవ మహాసభకు ఆయన మరల అధ్యక్షుడయ్యెను. తన పుట్టినూరికి దగ్గర పట్టణమున జరిగిన ఆ సభలో ప్రజలు కిక్కిరిసి కూర్చుండిరి. నిదానముగా నడువవలెనను పెద్దలు కొందరు వేరైపోయిరి. అది బాధాకరమే. కాని ఆనాటి నుండి మహాసభ పల్లెపల్లెకు ప్రాకెను. నిరక్షరాస్యులు దానిని ప్రేమతో సంఘమని పిలిచిరి. సభ్యత్వపు చీటీ కొంగున ముడివేసికొనిన కూలివాడు ఇక తాను ఒంటరివాడను కానని ధైర్యము వహించెను.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ప్రభుత్వము రైతుల నుండి లెవీ ధాన్యమును బలవంతముగా వసూలు చేసెను. పెద్ద భూస్వాములు లెక్కలు మార్చి తప్పించుకొనగా, భారమంతయు చిన్న రైతులపై పడెను. అప్పుడు సంఘము వారికి అండయయ్యెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ అను సామాన్య స్త్రీ కౌలుకు తీసికొని పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖు కాజేయ యత్నింపగా, సంఘము కార్యకర్తలు దానిని కోసి ఆమె ఇంటికి చేర్చిరి. గడీకి ఎదురు నిలిచి ఒక నిరుపేద తన గింజలను తాను దక్కించుకొనుట ఆ ప్రాంతమున అదివరకు ఎవరును ఎఱుగని వింత. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా పోవుచున్న ప్రజలపై దేశ్‌ముఖు మనుషులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య అను యువకుడు నేలకొరగెను. ఆ వార్త దావానలము వలె నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో వ్యాపించెను. ఊరూర జనులు కఱ్ఱలు, వడిసెలలు చేబూని వెట్టి చేయమని నిరాకరించిరి. ఆ సంవత్సరాంతమున ప్రభుత్వము సంఘమును అణచివేయ బూనెను. నారాయణరెడ్డి మున్నగు నాయకులు అజ్ఞాతవాసమునకు పోవలసి వచ్చెను.

1947 ఆగస్టు 15న ఆంగ్లేయులు దేశమును వీడిపోయిరి. తన రాజ్యము భారతదేశమున చేరదని నిజాము ప్రకటించెను. నవంబరు 29న భారత ప్రభుత్వముతో ఒక సంవత్సరకాలమునకు యథాతథపు ఒడంబడికను మాత్రము కుదుర్చుకొనెను. కాశిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు గ్రామములపై బడి దోచిరి, కొంపలు కాల్చిరి, ప్రాణములు తీసిరి. స్వామి రామానంద తీర్థ నాయకత్వమున స్టేట్ కాంగ్రెసు వారు సత్యాగ్రహము చేసి చెఱసాలలు నింపిరి. సరిహద్దుల నుండియు పెక్కుమంది పోరు సల్పిరి. ఇంకొకవైపున 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ మువ్వురును కలిసి సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. ఒకప్పుడు ఉప్పు సత్యాగ్రహములో అహింసావ్రతము పాటించిన నారాయణరెడ్డికి ఇది తేలిక నిర్ణయము కాదు. కాని తుపాకులతో వచ్చు రజాకార్ల యెదుట వట్టిచేతులతో పల్లెలు నిలువజాలవని ఆయన తలచెను.

ఈ పోరాటము ఒక మతము వారు మఱియొక మతము వారిపై చేసినది కాదు. పిలుపునిచ్చిన మువ్వురిలో మఖ్దూం ఉర్దూ మహాకవి. దేశ్‌ముఖునెదిరించి తన భూమికై న్యాయస్థానమున పోరాడి హతుడైన షేక్ బందగీ పేద ముస్లిము రైతు. రజాకార్ల దురంతములను పత్రికలో ఖండించినందులకు 1948 ఆగస్టులో హత్యకు గురియైన షోయబుల్లాఖాన్ యువ సంపాదకుడు. గడీలలోని దొరలలో పెక్కురు హిందువులే. కావున పోరు పీడించువారికిని పీడింపబడువారికిని నడుమ జరిగినదని విద్యార్థులు గుర్తింపవలెను.

పోరాటము సాగిన గ్రామములలో వెట్టి అంతరించెను. అప్పు పత్రములు అగ్నికి ఆహుతియయ్యెను. కూలి రేట్లు పెరిగెను. సుమారు 3 వేల గ్రామములలో ప్రజలు తమ పాలనను తామే నెలకొల్పుకొనిరనియు, 10 లక్షల ఎకరముల భూమి పంచబడెననియు పోరాట నాయకులు లెక్కకట్టిరి. నారాయణరెడ్డి ఇతరుల భూమిని పంచుమని చెప్పి తన భూమిని దాచుకొనలేదు. తన సొంత భూమిలో సుమారు 500 ఎకరములను పేదలకు ఇచ్చివైచెను. చెప్పిన మాటకును చేసిన పనికిని భేదము లేకుండుట చేతనే ప్రజలాయనను నమ్మిరి.

ఈ విజయమునకు ప్రజలు చెల్లించిన మూల్యము చిన్నది కాదు. 1948 ఆగస్టు 27న బైరానుపల్లి గ్రామముపై రజాకార్లును పోలీసులును విరుచుకుపడి, బురుజుపై నుండి ఎదిరించిన గ్రామస్థులను పెక్కుమందిని చంపిరి. అట్టి ఊళ్లు ఇంకెన్నియో కలవు. తుదకు 1948 సెప్టెంబరు 13న భారత సేనలు నలువైపుల నుండి సంస్థానమున ప్రవేశించెను. ప్రధానసేన షోలాపూరు దిక్కు నుండి జనరల్ చౌదరి నాయకత్వమున వచ్చెను. మఱియొక దళము విజయవాడ మార్గమున సూర్యాపేట మీదుగా రాగా, నిజాము సైన్యము మూసీ వంతెనను కూల్చి వెనుదిరిగెను. సెప్టెంబరు 17 నాటికి భారత సేనలు చౌటుప్పలుకు చేరువనున్న చిట్యాల వరకు వచ్చియుండెను. ఆనాడే నిజాము ఓటమినంగీకరించి ఆ విషయమును రేడియోలో ప్రకటించెను. మఱునాడు ఆయన సేనాపతి ఎల్ ఇద్రూస్ లొంగిపోయెను. రెండు వందల ఏండ్లకు పైబడిన అసఫ్‌జాహీల ఏలుబడి ఐదు దినములలో ముగిసెను. చూచుటకు ఐదు దినములే. కాని దాని పునాదులను పల్లె ప్రజలు ఏండ్ల తరబడి త్రవ్వియుండిరి.

విజయము వెంట విచారమును వచ్చెను. కొన్ని జిల్లాలలో పాపమెఱుగని ముస్లిములు పగలకు బలియైరి. తెలంగాణ పల్లెలలో మరల ఒక చిక్కు ఏర్పడెను. సేనల వెంట పాత దొరలు తిరిగివచ్చి పంచిన భూములను లాగికొనజూచిరి. కమ్యూనిస్టు పార్టీ ఆయుధములు దింపక, భారత ప్రభుత్వముపైననే పోరాటమును కొనసాగించెను. అడవులలో వందలకొలది యువకులు ప్రాణములు గోల్పోయిరి. ఈ ఘట్టముననే నారాయణరెడ్డి జీవితమున కఠినపరీక్ష ఏర్పడెను. నిజాము పోయిన తరువాత, ప్రజలు మెచ్చి స్వాగతమిచ్చిన ప్రభుత్వముపై ఆయుధము పట్టుట తగదని ఆయన నిశ్చయించెను. దున్నువాని హక్కుకై ఇక చట్టసభలలోను సభావేదికలపైనను పోరాడవలెనని ఆయన తలంపు. తాను పిలుపునిచ్చిన పోరాటమును తానే ఆపుమనుట ఎంత కష్టము! తోటివారు కొందరాయనను పిఱికివానిగా జూచిరి; నిందించిరి. అయినను తన మనస్సాక్షికి సత్యమని తోచినదానిని దాచక వ్రాసెను, చెప్పెను. శత్రువునెదిరించుటకు ధైర్యము కావలెను. మిత్రులనెదిరించి నిజము పలుకుటకు అంతకు మించిన ధైర్యము కావలెను. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడెను.

అంతలో మార్పులును వచ్చుచుండెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో కౌలుదార్ల రక్షణకు చట్టము వచ్చెను. 1951 ఏప్రిల్ 18న వినోబాభావే పోచంపల్లికి రాగా, హరిజనులు తమకు భూమి కావలెనని కోరిరి. అప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరములు దానము చేసెను. దేశమంతట వ్యాపించిన భూదానోద్యమమునకు అదియే ఆరంభము. ఒకచోట పోరుగా పుట్టిన భూమి ప్రశ్న, కొద్ది మైళ్ల దూరమున దానముగా రూపొందుట గమనింపదగిన సంగతి. రెండింటి వెనుకను ఉన్నది భూమిలేని వాని ఆకలియే.

1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగెను. నారాయణరెడ్డి ప్రజాస్వామిక కూటమి పక్షమున నల్లగొండ నుండి లోక్‌సభకు పోటీచేసెను. వెట్టిచాకిరి చేసిన చేతులు తొలిసారిగా ఓటుపత్రమును పట్టుకొనెను. ఆయనకు 3 లక్షల 9 వేలకు పైగా ఓట్లు వచ్చెను. ఇద్దరు సభ్యులనెన్నుకొను నియోజకవర్గమది. అయినను ఆ ఎన్నికలలో ప్రధానమంత్రి జవాహర్లాల్ నెహ్రూకు వచ్చినవానికంటె ఎక్కువ ఓట్లు ఆయనకు లభించినవని దేశమంతయు అచ్చెరువొందెను. 1962లో మరల లోక్‌సభకు ఎన్నికయ్యెను. భువనగిరి ప్రజల ప్రతినిధిగా శాసనసభలోను కూర్చుండెను. పిమ్మట తన అనుభవములను గ్రంథస్థము చేసెను. అందు విజయములతో పాటు తప్పులను కూడ దాచక తెలిపెను.

నారాయణరెడ్డి 1991 సెప్టెంబరు 7న, విముక్తిదినమునకు పదిదినములు ముందుగా, కన్నుమూసెను. 1992లో భారత ప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ్ బిరుదమునిచ్చి గౌరవించెను. ఏ ప్రభుత్వముపై పోరు వలదని ఆయన తోడివారితో వాదించెనో, ఆ ప్రభుత్వమే ఆయన సేవను ఇట్లు స్మరించెను.

సెప్టెంబరు 17ను కొందరు విముక్తిదినమనియు, కొందరు విలీనదినమనియు, మఱికొందరు సమైక్యతాదినమనియు పిలుతురు. 2024లో కేంద్రప్రభుత్వము ఆ దినమును ఏటేట హైదరాబాదు విముక్తిదినముగా జరుపుటకు నిశ్చయించెను. పేరేదైనను, ఆ ఉదయమున ఎగురు జెండా నీడలో స్మరింపదగినవారు కొందరు కలరు. బండి ముందు పరుగెత్తి పరుగెత్తి ఒకనాడు నిలిచిపోయి ఇక పరుగెత్తనన్న వెట్టివాడు వారిలో ఒకడు. తన గింజలను తాను కాపాడుకొన్న చాకలి స్త్రీ ఒకతె. కలవారి ఇంట పుట్టి లేనివారి వెంట నడచిన బొల్లేపల్లి బిడ్డ మఱియొకడు. తనకున్నదానిని విడుచుటయు, తాను నమ్మినదానికై నిలుచుటయు, తన పొరపాటును తానొప్పుకొనుటయు ఆయన జీవితము నేర్పు పాఠములు. ఇందు మూడవది అన్నిటికంటె కష్టమైనది. అందుచేతనే అది అన్నిటికంటె ఎక్కువగా గుర్తుంచుకొనదగినది.